సూర్యకాంతమా, యష్మురాయా? – పేరు తప్పిపోయిన రాళ్ళ చరిత్ర

నవరత్నాల పేర్లు మనలో చాలామందికి కంఠస్థమే. వజ్ర వైడూర్యాలు, గోమేధిక పుష్యరాగాలు అంటూ తొమ్మిదింటినీ తడుముకోకుండా చెప్పగలము. ఆ తొమ్మిదింటి పంక్తిలో చోటు దొరకని రాళ్ళ మాట ఏమిటి? గోదావరి ఇసుకలో దొరికే గులకరాళ్ళలో కొన్నింటిని దీపానికి అడ్డుపెడితే లోపల ఉల్లిపొరల వంటి చారలు కనబడతాయి. మరికొన్ని దట్టమైన ఎరుపుతోనో, ఆకుపచ్చతోనో, పసుపుతోనో ఉండి, వెలుతురును ఏమాత్రము లోనికి రానీయవు. సానపడితే రెండూ అద్దము వలె మెరుస్తాయి. పాశ్చాత్యులు మొదటిదానిని అగేటు అనీ, రెండవదానిని జాస్పరు అనీ అంటారు. తెలుగులో ఏమనాలి?

ముప్పయి యేండ్లకు పైగా తెలుగు పాఠాలు చెప్పిన నాకు ఈ ప్రశ్న మొదట నిఘంటువుకు సంబంధించినదిగానే తోచినది. వెదుకుతూ పోగా, ఇది నిఘంటువుతో తీరే ప్రశ్న కాదనీ, దీని వెనుక నాలుగువేల యేండ్ల చరిత్ర ఉన్నదనీ బోధపడినది. ఆ కథను నా తోటి బ్లాగరులతో పంచుకోవాలని ఈ వ్యాసము వ్రాస్తున్నాను.

పేర్ల వలస

ముందుగా పదాల సంగతి చూద్దాము. అగేటు అనే పేరు సిసిలీ ద్వీపములోని అఖాతీస్ అనే నదినిబట్టి వచ్చినది. క్రీస్తుకు పూర్వము నాలుగవ శతాబ్దివాడైన గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్, రాళ్ళను గురించి వ్రాసిన గ్రంథములో ఈ విషయము చెప్పినాడు. జాస్పరు కథ ఇంకా పాతది. అక్కదీయ భాషలో యష్పు, హీబ్రూలో యాష్‌ఫే, గ్రీకులో ఇయాస్పిస్ – ఇవన్నీ ఒకే కుదురు మాటలు. పారసీకములోని యష్మ్ కూడా ఈ కుదురుకు చెందినదే.

ఇక్కడే చిక్కు మొదలవుతుంది. క్రీస్తుశకము మొదటి శతాబ్దివాడైన రోమను రచయిత ప్లినీ, ఇయాస్పిస్ పచ్చగా ఉంటుందనీ, తరచు వెలుతురును పోనిస్తుందనీ వర్ణించినాడు. నేటి శాస్త్రజ్ఞులు జాస్పరు అని పిలిచే రాయికి మొదటి లక్షణమే వెలుతురు దూరనీయకపోవడము! అంటే పేరు నిలిచినది గాని, ఆ పేరు గల రాయి మారిపోయినది. పారసీకములోనూ అంతే. యష్మ్ అనే మాట కాలక్రమాన చైనావారికి ప్రీతిపాత్రమైన జేడు అనే వేరొక రాతికి చెందినది.

మన తెలుగులోనికి ఈ పేర్లు వచ్చిన దారులలో బైబిలు అనువాదము ఒకటి. అందులో ప్రధానయాజకుని వక్షఃపతకములో పన్నెండు రాళ్ళ పట్టిక ఉన్నది. పాత తెలుగు అనువాదములో జాస్పరుకు సూర్యకాంతము అనీ, అగేటుకు యష్మురాయి అనీ పేర్లు పెట్టినారు. చూడండి చమత్కారము! జాస్పరుకు సోదరపదమైన యష్మ్ వచ్చి అగేటుకు అంటుకొన్నది. జాస్పరుకేమో సంస్కృతములో ఎప్పటినుండో మరొక రాతికి చెందిన పేరు దక్కినది. అనువాదకులను తప్పుపట్టడానికి ఈ మాట అనడము లేదు. మూలములోని హీబ్రూ పేర్లు ఏ రాళ్ళవో నేటికీ పండితులలో ఏకాభిప్రాయము లేదు.

సూర్యకాంతము అంటే మన కావ్యజ్ఞులకు వెంటనే స్ఫురించేది ఎండ సోకితే నిప్పు పుట్టించే మణి. కాళిదాసు శాకుంతలము రెండవ అంకములో తపోధనులను ఆ మణితో పోల్చినాడు. తాకితే చల్లన, పరతేజస్సు తగిలితే అగ్ని. కౌటిల్యుని అర్థశాస్త్రములోని మణుల పట్టికలో సూర్యకాంతము శుద్ధస్ఫటికముతో పాటు చివరి వరుసలో కూర్చున్నది. ఎండను ఒకచోటికి చేర్చి నిప్పు పుట్టించాలంటే రాయి పారదర్శకము కావాలి, భూతద్దము వలె పనిచేయాలి. కటికచీకటి వంటి జాస్పరుకు ఆ పని సాధ్యము కాదు. కాబట్టి జాస్పరును సూర్యకాంతమనడము అర్థరీత్యా పొసగదు.

మరి మన ప్రాచీనులకు ఈ జాతి రాళ్ళు తెలియవా? తెలియకేమి! గరుడపురాణములోని రత్నపరీక్షా భాగములో బలాసురుని కథ ఉన్నది. ఆ అసురుని దేహభాగాలు పడినచోటనెల్లా ఒక్కొక్క రత్నపుగని ఏర్పడినదట. అందులో రుధిరాఖ్యము అనే ఎర్రని రాయి నర్మదలో పుట్టినట్లు చెప్పబడినది. పలువురు పండితులు దీనిని కార్నీలియనుగా, అనగా చారలు లేని ఎర్రని అగేటుజాతి రాయిగా గుర్తించినారు. ఆ గుర్తింపుకు బలము చేకూర్చేది స్థలమే. నేటికీ గుజరాతులో భరూచి సమీపాన, నర్మదకు చేరువలో ఉన్న రతన్‌పూర్ గనులు కార్నీలియనుకు ప్రసిద్ధములు. పురాణకథలో దాగిన ఊరిపేరు ఇన్ని శతాబ్దాల తరువాత రాయిని పట్టి ఇచ్చినది. ఈ సంగతిని పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. ముందు ముందు పనికి వస్తుంది.

అసలు ఇవి ఏ రాళ్ళు?

మన ఊళ్ళలో తెల్లని పలుగురాయిని ఎరుగనివారు లేరు. అగ్గిపెట్టెలు రాకముందు ఉక్కుముక్కతో కొట్టి నిప్పు రాజేసిన చెకుముకిరాయి కూడా పెద్దలకు తెలిసినదే. అగేటు, జాస్పరు, పలుగురాయి, చెకుముకి – ఈ నాలుగూ ఒకే ఇంటి బిడ్డలు. అన్నింటికీ మూలద్రవ్యము సిలికా. పలుగురాయిలో స్ఫటికాలు పెద్దవి. తక్కిన మూడింటిలో కంటికి కానరానంత సూక్ష్మమైనవి. ఆ సూక్ష్మస్ఫటిక రూపానికి కాల్సిడొనీ అని శాస్త్రనామము. కాల్సిడొనీలో పొరలు పొరలుగా చారలుంటే అగేటు. ఇనుము మొదలైన ఖనిజాల కల్తీ ఎక్కువై, వెలుతురు దూరకపోతే జాస్పరు. కొన్ని జాస్పరులలో ఈ కల్తీ ఐదవవంతు దాకా ఉండవచ్చును.

అగేటుకు పుట్టిల్లు ముఖ్యముగా లావా. సుమారు 6.6 కోట్ల యేండ్ల క్రితము దక్కను పీఠభూమిపై లావా పొరలు పొరలుగా పరచుకొన్నది. చల్లారేవేళ వాయువులు వదలిన బుడగల గుంటలలోనికి తరువాత సిలికా కలిసిన నీరు చేరి, గోడలవెంబడి పొరమీద పొరగా పేరుకొన్నది. మహారాష్ట్ర అంతటా పరచుకొన్న ఆ నల్లరాతి నేలను కోసుకొంటూ గోదావరి మన వైపు వస్తుంది. రాయి అరిగి మట్టి అవుతుంది గాని, అంతకంటె గట్టిదైన అగేటు గుండు అరగక గులకరాయిగా ప్రయాణము చేస్తుంది. గోదావరి ఇసుకలో అగేటులు కనబడడములోని రహస్యము ఇదే.

జాస్పరుకు పుట్టిళ్ళు అనేకము. బళ్ళారి పక్కనున్న సండూరు కొండలలో ఇనుపరాతి పొరలూ ఎర్రని జాస్పరు పొరలూ ఒకదానిపై ఒకటి పేర్చినట్లుంటాయి. కర్నూలు సీమలో వజ్రాలకు పేరుపొందిన బనగానపల్లె గులకరాతి పొరలోనూ చెర్టు, జాస్పరు గుళికలు ఉన్నవి.

పైఠాన్ బండ్లు, కొండాపూర్ పూసలు

క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో ఒక గ్రీకు నావికుడు వ్రాసిన పెరిప్లస్ అనే గ్రంథములో మన దక్కను వర్తకము కనబడుతుంది. శాతవాహనుల ప్రతిష్ఠానము, అనగా నేటి పైఠాన్, నుండి ఒనిక్సు రాళ్ళు రాశులుగా బండ్లమీద భరూచి రేవుకు చేరేవని అందులో ఉన్నది. ఉజ్జయిని నుండి కూడా ఆ రాళ్ళు వచ్చేవట. ఒనిక్సు అంటే చారలు తిన్నగా సాగిన అగేటే. గోదావరి ఒడ్డునున్న రాజధాని నుండి, గోదావరి పరీవాహకములోని రాయి, రోమను ముద్రికలకూ పాత్రలకూ తరలిపోయినదన్నమాట.

ఆ రాజ్యమే మన తెలుగునేల మీద కూడా పూసల పరిశ్రమను మిగిల్చినది. నేటి సంగారెడ్డి జిల్లాలోని కొండాపూర్‌లో 1940ల ఆరంభాన నిజాము ప్రభుత్వ పురావస్తు శాఖవారు త్రవ్వకాలు జరిపినారు. శాతవాహన నాణేలతో పాటు విస్తారముగా పూసలు బయటపడినవి. అగేటు, కార్నీలియను, జాస్పరు, స్ఫటికము, గాజు, మట్టి – ఒకటేమిటి! మోరేశ్వర దీక్షిత్ వీటిని పరిశీలించి 1952లో ప్రత్యేకముగా ఒక పుస్తకమే వెలువరించినారు. అక్కడి ప్రదర్శనశాలకు వెళ్ళినవారు విగ్రహాలనూ నాణేలనూ చూసి, గోడవారనున్న పూసలను దాటిపోతుంటారు. నా మనవి ఏమంటే, ఒక్క నిమిషము వాటి దగ్గర నిలువండి. ఒక్కొక్క పూసలోనూ గులకరాయి ఏరినవాడు, పగులగొట్టినవాడు, సాన పట్టినవాడు, బెజ్జము వేసినవాడు – ఇందరి శ్రమ ఉన్నది.

గుర్తు తెలియని రాయి ఒకటి

బెజ్జము సంగతి వచ్చినది గనుక, రాళ్ళ గుర్తింపు చరిత్రలో నాకు మిక్కిలి ఇష్టమైన ఘట్టము చెబుతాను. సింధులోయలో 1935–36లో ఎర్నెస్ట్ మెకే అనే పురాతత్త్వవేత్త చన్హుదారో త్రవ్వించినాడు. అక్కడ పూసలు చేసేవారి పనిచోటు బయటపడినది. సగము చేసిన కార్నీలియను పూసలు, వాటితో పాటు బెజ్జాలు వేసే సన్నని రాతి కడ్డీలు దొరికినవి. హరప్పా నాగరికతలోని పొడవాటి కార్నీలియను పూసలు లోకప్రసిద్ధములు. కరాచీ సమీపాన అల్లాహ్‌దినోలో దొరికిన మొలనూలులో అటువంటివి 36 ఉన్నవి. కొన్ని పూసలు పది సెంటీమీటర్లకు పైబడిన పొడవు గలవి. ఇంత గట్టిరాతికి ఆ కొసనుండి ఈ కొసకు బెజ్జము వేయడానికి ఏ రాయి వాడినారు?

ఆ కడ్డీలను చిరకాలము చెర్టు అనీ, ఆ జాతిదే మరొకటనీ లెక్కించినారు. చూపుకు అలాగే ఉన్నవి మరి. అయితే కార్నీలియనుకూ చెర్టుకూ గట్టిదనము ఇంచుమించు ఒక్కటే. సమానుడు సమానుణ్ణి అంత సులువుగా తొలచలేడు. జోనథన్ మార్క్ కెనోయర్, మాసిమో విదాలె అనే ఇద్దరు పరిశోధకులు ఆ రాతిని ప్రయోగశాలలో పరీక్షించి 1992లో ఫలితాలు ప్రకటించినారు. అది చెర్టూ కాదు, జాస్పరూ కాదు. క్వార్ట్జు, సిల్లిమనైటు, మల్లైటు, ఇనుము–టైటానియము ఆక్సైడులు కలిసిన, అప్పటివరకు పేరులేని రాయి. దానిని గట్టిపరచడానికి నిప్పులో కాల్చి ఉండవచ్చునని కూడా వారు భావించినారు. మెకే గౌరవార్థము దానికి ఎర్నెస్టైటు అని పేరు పెట్టినారు. ఆ రాతితో ప్రయోగము చేసి చూడగా, గంటకు సుమారు రెండున్నర మిల్లీమీటర్ల లోతు మాత్రమే దిగినదట! ఆ మొలనూలు వెల ఎంతో ఊహించుకోండి.

మనుష్యులు ఉపయోగించిన రాతిని తరువాతివారు పోలికను బట్టి తెలిసిన పేరుతో పిలిచి, అరవైయేండ్ల దాకా సరిపెట్టుకొన్నారు. ఆ తప్పుపేరు వెనుక ఒక గొప్ప శిల్పరహస్యము కప్పబడిపోయినది. పేరు సరిదిద్దగానే అది వెలికివచ్చినది.

పుట్టిన ఊరు తేలితేనే

మరొక వివాదము మనకు మరింత సన్నిహితమైనది. కంబోడియా, థాయిలాండులలోని ఇనుపయుగపు సమాధులలో అగేటు, కార్నీలియను పూసలు దొరుకుతుంటాయి. అవి భారతదేశము నుండే వచ్చినవని చాలాకాలము అందరూ అనుకొన్నారు. 2000లో థూనిసన్ మొదలైనవారు ఈ నమ్మకాన్ని ప్రశ్నించినారు. ఆగ్నేయాసియాలోనూ ఆ రాయి లభిస్తుంది గదా, చూపు పోలికతో దేశము ఎలా నిర్ణయిస్తారు అని వారి వాదము. న్యాయమైన ప్రశ్నే. మనకు గర్వకారణమైనంత మాత్రాన ఏ మాటా సత్యమైపోదు.

ఆ ప్రశ్నకు సమాధానము కొలతలద్వారా రావలసి వచ్చినది. రాతిలో అతిస్వల్పముగా కలిసియుండే మూలకాల పాళ్ళు గనిగనికీ భిన్నముగా ఉంటాయి. లేజరు కిరణముతో పూసనుండి కంటికి కనబడనంత రేణువును గ్రహించి ఆ పాళ్ళు లెక్కించవచ్చును. అలిసన్ కార్టర్, లార్ దుస్సుబియూ అనే పరిశోధకురాండ్రు ఈ పద్ధతిని కంబోడియా, థాయిలాండు పూసలకు ప్రయోగించి 2016లో ప్రకటించిన ఫలితాలలో, ఆ పూసల రాయి దక్కను లావానేలకు సరిపోలినట్లు తేలినది. సముద్రము దాటిన మన రాళ్ళకు ఈసారి నమ్మకము కాక సాక్ష్యము దొరికినది. ఆక్షేపణ చేసినవారే లేకపోతే ఈ సాక్ష్యమూ వెదకబడేది కాదు.

ఇంటివద్ద పరీక్ష

అంతటి యంత్రాలు మనకు ఎక్కడివి అని మిత్రులు అనవచ్చును. సానపట్టే అభిరుచి గలవారు ఇంటివద్ద చేసుకోదగిన పరీక్షలు కొన్ని ఉన్నవి.

మొదట రాతిని నీటిలో తడిపి చూడాలి. ఎండిన రాతిలో దాగిన చారలు తడిలో బయటపడతాయి. తరువాత పలుచని అంచును దీపానికి అడ్డుపెట్టాలి. వెలుతురు దిగితే కాల్సిడొనీ జాతి, దిగకపోతే జాస్పరు కావచ్చును. చాకుమొనతో గీయాలి. ఈ జాతి రాళ్ళ కాఠిన్యము మోస్ కొలమానములో ఆరున్నర నుండి ఏడు. చాకు వీటిని గీయలేదు. ఇవే గాజును గీస్తాయి. గీత పడితే అది సున్నపురాయి జాతి కావచ్చును. బజారులో ఒనిక్సు పేరుతో అమ్మే పచ్చని పాత్రలు చాలావరకు ఆ జాతివే. వాటిమీద పులుసు ద్రావకము చుక్క వేస్తే పొంగుతుంది, అగేటు చలించదు. మెరుగులేని పింగాణీ పెంకుమీద రాస్తే నిజమైన జాస్పరు రంగు వదలదు. ఇనుపరాయి ఎర్రని గీత వదలుతుంది. విరిగినచోట గుల్లచిప్ప లోపలివైపు వలె నునుపైన వంపులు ఉండాలి. ఇక తూకము: గాలిలో ఒకసారి, దారముకట్టి నీటిలో వ్రేలాడదీసి ఒకసారి తూచి, గాలి తూకాన్ని ఆ రెంటి భేదముతో భాగిస్తే సుమారు 2.6 రావాలి.

రంగును మాత్రము నమ్మరాదు. ఖంభాతు పనివారు అనాదిగా పసుపు, గోధుమరంగు రాళ్ళను ఎండబెట్టి, కుండలలో పెట్టి కాల్చి ఎర్రని కార్నీలియనుగా మారుస్తున్నారు. రాతిలోని ఇనుము తేమ కోల్పోయి ఎరుపెక్కడమే అందులోని కిటుకు. జర్మనీలోని ఇదార్-ఓబర్‌స్టైన్ పనివారు పంతొమ్మిదవ శతాబ్దిలో అగేటుకు చక్కెరనీరు పట్టించి, గంధకికామ్లములో వేసి నల్లబరచినారు. జాస్పరుకు నీలిరంగు ఎక్కించి లాజవర్దము వంటి రాయిగా అమ్మినారు. నేడు బజారులో కనబడే కండ్లు మిరుమిట్లు గొలిపే నీలి, గులాబి అగేటులలో అధికభాగము రంగువేసినవే.

వ్యాపారనామాలనూ నమ్మరాదు. దాల్మేషియను జాస్పరు పేరుతో అమ్మే తెల్లని మచ్చలరాయిలో జాస్పరు లేనేలేదు, అది అగ్నిశిల. చిరుతచర్మపు జాస్పరు అనబడేది రయొలైటు అనే లావారాయి.

ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. గుర్తించే తొందరలో రాతిని పొడిగా అరగదీయవద్దు. ఆ ధూళి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అనే మందులేని వ్యాధిని కలిగిస్తుంది. అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థవారు 1980లలో ఖంభాతు అగేటు పనివారిని పరీక్షించి ఈ వ్యాధిని నమోదు చేసినారు. ఇంటిలోనే సాన తిరుగుతుంటే పక్కన ఆడుకొనే పిల్లలకూ ఆ ధూళి తప్పదు. నాలుగువేల యేండ్లుగా లోకానికి పూసలు అందించిన చేతుల వెనుక ఊపిరి ఏమైనదో చరిత్ర గ్రంథాలు వ్రాయలేదు. నీరు పోస్తూ అరగదీయడము, ధూళిని లాగివేసే పంకా అమర్చడము – ఇవి గొప్ప ఖర్చుతో కూడినవి కావు.

నా ప్రతిపాదన

ఇక తెలుగు పేర్ల మాట. జాస్పరును సూర్యకాంతమనడము మానుకోవడము మేలని నా అభిప్రాయము. ఆ పేరు స్ఫటికానికే ఉండనిద్దాము. యష్మురాయి మూడు దేశాలలో మూడు రాళ్ళకు చెందినది గనుక దానినీ వదలిపెట్టవచ్చును. అగేటుకు అరబ్బీనుండి వచ్చి ఉంగరాల అంగడిలో నలిగిన అకీకు అనే పేరు ఉన్నది, నోటికి ఒదిగినది. జాస్పరును జాస్పరు అనే పిలిస్తే నష్టము లేదు. చక్‌మక్ అనే పరాయిమాట చెకుముకియై మన పొయ్యిదాకా రాలేదా?

అన్నింటికంటె ముఖ్యమైనది పేరు కాదు, ఊరు. రుధిరాఖ్యాన్ని మనకు పట్టి ఇచ్చినది నర్మద. కంబోడియా పూసను పట్టి ఇచ్చినది దక్కను నేల. కాబట్టి ఏటి ఒడ్డున రాయి ఏరిన ప్రతివారూ ఒక చిన్న చీటీమీద ఊరు, వాగు, తేదీ వ్రాసి ఆ రాతితో పాటు దాచిపెట్టండి. పురాతన దిబ్బమీద కనబడిన పూసను మాత్రము కదపక అక్కడనే ఉంచి, పురావస్తు శాఖకు తెలియజేయండి. చోటు మారిన పూస మాట పోగొట్టుకొన్నదే. పేరు ఈనాడు తెలియకపోయినా తరువాతివారు పెట్టుకొంటారు. ఊరు పోయిన రాతికి మాత్రము ఎంతటి పండితుడైనా కథ చెప్పలేడు.

మీ ప్రాంతాలలో ఈ రాళ్ళకు వాడుకపేర్లు ఏమైనా ఉంటే తెలియజేయ ప్రార్థన. ముఖ్యముగా సానపట్టే పనివారి నోట విన్న మాటలు. అవి నిఘంటువులకు ఎక్కలేదు. ఎక్కించవలసిన బాధ్యత మనది.